అస్తిత్వవాదం – అంగవైకల్యం: ఒక పరిశీలన

తెలుగు విమర్శలో 'అస్తిత్వం' అనే మాటకు రెండర్థాలు స్థిరపడి ఉన్నాయి. మొదటిది పాశ్చాత్య తత్త్వశాస్త్రం నుండి వచ్చిన అస్తిత్వవాదం. ఉర్దూ పాఠకులు దీనినే వుజూదియత్ అంటారు. సార్త్ర్, కామూల పేర్లతో ఇది మనకు పరిచయమైంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' మొదలుకొని వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల', నవీన్ 'అంపశయ్య' వరకు మన నవలలను వివరించటానికి విమర్శకులు ఈ వాదాన్ని ఆశ్రయించారు. రెండవది 1980ల తరువాత వాడుకలోకి వచ్చిన అస్తిత్వ ఉద్యమాల అర్థం. స్త్రీలు, దళితులు, ముస్లింలు తమ పుట్టుక కారణంగా తాము మోయవలసి వచ్చిన భారాన్ని గురించి తామే మాట్లాడటం ఇందులోని విశేషం. 1991 నాటి ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో వెలువడిన 'జల్ జలా' కవితా సంకలనం మన పాఠకులకు తెలిసినవే.

ఈ రెండర్థాలు ఒకదానికొకటి ఎదురుగా నడుస్తున్నాయని మాత్రం మనం అంతగా గమనించలేదు. మనిషికి ముందుగా నిర్ణయమై ఉన్న స్వభావమంటూ లేదనీ, అతడు తన చర్యల ద్వారా తనను తాను నిర్మించుకుంటాడనీ మొదటిది చెబుతుంది. లోకం పుట్టుకతోనే మనిషిపై ఒక ముద్ర వేస్తుందనీ, ఆ ముద్రను దాచకుండా ఎత్తి చూపి న్యాయం అడగాలనీ రెండవది చెబుతుంది. ఈ రెండింటినీ ఒకేసారి పరీక్షకు నిలబెట్టే మనిషి ఒకడున్నాడు. అతడు వికలాంగుడు. అతని ముద్ర శరీరం మీదే ఉంది. అయినా ఆ శరీరమే అతడు కాదు. అతని ముందు ఈ సిద్ధాంతాలు ఎంతవరకు నిలుస్తాయో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సార్త్ర్ చెప్పినదేమిటి?

జాఁ పాల్ సార్త్ర్ ప్రధాన తాత్త్విక గ్రంథం 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' 1943లో ఫ్రెంచి భాషలో వెలువడింది. అందులో అంగవైకల్యం ప్రస్తావన ఉంది. దాని సారాంశం ఇది: కాలు లేకపోవటాన్ని నేను కోరుకోలేదు, నిజమే. కాని ఆ లోపాన్ని ఎలా మోయాలన్నది నేనే నిర్ణయించుకుంటాను. అవమానంగా భావించి దాచుకోవచ్చు, గర్వంగా చూపించవచ్చు, నా ఓటములన్నింటికీ సాకుగా వాడుకోవచ్చు. ఆ అర్థంలో నా వైకల్యాన్ని కూడా నేను ఎన్నుకున్నట్లే.

ఇందులో సత్యం లేదని తోసివేయటం న్యాయం కాదు. ఒకే ఊరిలో, ఒకే రకమైన పోలియో సోకిన ఇద్దరు రెండు భిన్నమైన జీవితాలు గడపటం మనమెరిగినదే. భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. అంటే నాడు ఆ జబ్బు పడిన పిల్లలు నేడు మన మధ్య పెద్దవారై తిరుగుతున్నారు. వారిలో ఉపాధ్యాయులున్నారు, దర్జీలున్నారు, గుమాస్తాలున్నారు. 'పాపం' అనే మాటలో వారిని ఇమడ్చటానికి వీలులేదు. ఆ మాటను కాదనే హక్కు సార్త్ర్ వాదం వారికి ఇస్తుంది. ఇది చిన్న మేలు కాదు.

దీనికి తెలుగు నేల మీద ఒక తీవ్రమైన ఉదాహరణ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా. అమలాపురంలో పుట్టి, బాల్యంలో పోలియో సోకి, చక్రాల కుర్చీకి పరిమితమైన ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలో ఇంగ్లీషు బోధించారు. 90 శాతం వైకల్యం ఉన్నట్లు లెక్క. 2014 మే నెలలో అరెస్టయ్యారు. 2017లో యావజ్జీవ శిక్ష పడింది. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషిగా విడుదల చేసింది. అదే సంవత్సరం అక్టోబరు 12న హైదరాబాదులో మరణించారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించటం, ఏకీభవించకపోవటం వేరే విషయం. జైలు నుండి కవిత్వం వ్రాసిన ఆ మనిషిలో సార్త్ర్ చెప్పిన స్వేచ్ఛ ఉన్నదని ఎవరైనా ఒప్పుకోవాలి. కాని చక్రాల కుర్చీ దూరని గదిలో, మరొకరు ఎత్తితే తప్ప మంచం దిగలేని స్థితిలో గడిచిన ఆ సంవత్సరాలను కూడా ఆయన 'ఎన్నుకున్నాడు' అనగలమా? సార్త్ర్ వాదం ఇక్కడే చాలకుండా పోతోంది.

దానికి వచ్చిన అభ్యంతరం

1976లో బ్రిటన్‌లోని వికలాంగుల సంఘమొకటి ఒక ముఖ్యమైన తేడాను ముందుకు తెచ్చింది. శరీరంలోని లోపం ఒకటి, ఆ లోపం ఉన్నవారిని బయట ఉంచే సమాజపు ఏర్పాటు మరొకటి. అసలు వైకల్యం రెండవదేనని వారి వాదం. 1983లో మైక్ ఆలివర్ దీనికి 'సామాజిక నమూనా' అని పేరు పెట్టారు.

ఇది మన కర్నూలు జిల్లాలో ఎవరికైనా అర్థమయ్యే విషయమే. ఒక దర్జీని ఊహించుకుందాం. కాలితో తొక్కే మిషన్ ముందు కూర్చుంటే అతడు వికలాంగుడు. అదే మిషన్‌కు మోటారు బిగిస్తే అతడు అందరిలాంటి దర్జీ. శరీరం మారలేదు, మిషన్ మారింది. పంటలు పోయిన ఏడు కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు పల్లెల నుండి కుటుంబాలు గుంటూరు వైపుకో, కర్ణాటకకో సుగ్గికి బయలుదేరుతాయి. పత్తి తీతకు కిలోల లెక్కన కూలి. సాళ్ళ వెంట నడవలేనివాడు ముసలి తల్లితో ఊళ్ళోనే మిగిలిపోతాడు. అతడు ఇంటివద్ద ఉండటాన్ని ఎన్నుకున్నాడని సార్త్ర్ అనవచ్చు. కాని ఊరిలో అతడు చేయగల పని ఎందుకు లేకపోయింది అన్న ప్రశ్న సార్త్ర్ గ్రంథంలో తలెత్తదు.

అంతేకాదు, కొన్ని వైకల్యాలను తెచ్చిపెట్టేది కూడా సమాజమే. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే వ్యాధిని మన దేశంలో 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలలో వైద్యులు గుర్తించి ప్రకటించారు. అక్కడ ఒక మనిషి కాదు, ఒక బావి నీరు తాగిన ఊరే వంగింది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాల నాపరాళ్ళ గనులలో, పాలిష్ ఫ్యాక్టరీలలో పనిచేసేవారు రాతి దుమ్మును రోజంతా పీలుస్తారు. ఊపిరి అందక నాలుగడుగులు వేయలేని కార్మికుడు ఏ లెక్కన సమర్థుడు? కాని చట్టం దృష్టిలో అతడు వికలాంగుడు కాడు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 చట్టం వాటిని 21కి పెంచి, ప్రభుత్వోద్యోగాలలో కోటాను 3 నుండి 4 శాతం చేసింది. ఆ 21లో దుమ్ము వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తులు లేవు.

ఇక జాబితాలో ఉన్నవారి పరిస్థితి చూద్దాం. వైకల్యం 40 శాతం అని డాక్టరు వ్రాస్తే మనిషికి హక్కు వస్తుంది, 39 అయితే రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగుల పింఛను నెలకు 3,000 రూపాయల నుండి 6,000 రూపాయలకు పెరిగింది. 2025లో ధ్రువపత్రాలను మళ్ళీ పరిశీలించారు. అనర్హులు చేరి ఉంటే తొలగించటం సమంజసమే. కాని ఈ తనిఖీ వరుసలో నిలబడిన మనిషి పని ఏమిటో ఆలోచించండి. ఏడాది పొడవునా తాను చేయగలనని లోకానికి నిరూపించుకున్నవాడు ఆ ఒక్క రోజు తాను చేయలేనని నిరూపించుకోవాలి. మనిషికి ముందే నిర్ణయమైన సారం లేదని సార్త్ర్ అన్నాడు. ఇక్కడ బల్లకు అవతల కూర్చున్నవారు ఆ సారాన్ని శాతాలలో వ్రాసి, ముద్ర వేసి చేతికిస్తున్నారు.

సార్త్ర్ సమకాలికులు ఈ కొరతను కొంత పూరించారు. 1945లో మెర్లో పాఁతీ అంధుని చేతికర్రను ఉదాహరణగా తీసుకున్నాడు. అలవాటైన తరువాత ఆ కర్ర అంధునికి ఒక వస్తువుగా తోచదు. దాని కొన వరకు అతని స్పర్శ విస్తరిస్తుంది. కర్రను లోపానికి గుర్తుగా కాక, లోకంలోకి సాగిన చేయిగా చూడటం గొప్ప విషయం. ఇతరుల స్వేచ్ఛ లేకుండా నా స్వేచ్ఛ పూర్తికాదని సిమోన్ ద బోవా 1947లో వ్రాసింది. సార్త్ర్ కూడా తన జీవితంలో ఈ పాఠం నేర్చుకోవలసి వచ్చింది. 1973 తరువాత ఆయన చూపు దాదాపు పోయింది. చదవటం, వ్రాయటం ఆగిపోయాయి. 1980లో మరణించేవరకు ఇతరులు చదివి వినిపిస్తే, ఇతరులతో సంభాషిస్తూ తన ఆలోచనను కొనసాగించాడు.

మన నవల నేర్పినది

తెలుగు నవలలోకి వచ్చేసరికి మరొక చిక్కు ఎదురవుతుంది. గోపీచంద్ కథానాయకుడు సీతారామారావుకు కాళ్ళు, చేతులు, కళ్ళు అన్నీ బాగానే ఉన్నాయి. అతని అసమర్థత మనస్సులోనిది. వంశ ప్రతిష్ఠ అనే భ్రమలో ఆస్తి పోగొట్టుకొని, ప్రశ్నల సుడిలో చిక్కి, చివరకు తనను తానే అంతం చేసుకుంటాడు. ఈ నవల లోతును తగ్గించటం మన ఉద్దేశం కాదు. ఒక మనస్సు కూలిపోవటాన్ని అంత దగ్గరగా చూపిన తెలుగు నవలలు తక్కువ. కాని దాని ప్రభావంలో మన విమర్శ ఒక అలవాటు చేసుకుంది. అసమర్థత అనగానే అది లోపలి విషయమని, సంకల్ప లోపమని, ఆత్మపరీక్షతో తేలవలసినదని అనుకోవటం. అసమర్థత అనే మాట అలంకారంగా మారింది. ఆ మాటను నిత్యం నిజంగా మోస్తున్న మనిషి ఆ చర్చలో కనబడకుండా పోయాడు.

అస్తిత్వ ఉద్యమాలు ఈ లోటును తీర్చి ఉండవలసింది. అవి కులాన్ని, మతాన్ని, లింగభేదాన్ని చర్చకు తెచ్చాయి. వికలాంగుల హక్కుల కోసం సంఘాలు ఏర్పడ్డాయి, ధర్నాలు జరిగాయి. కాని సాహిత్య విమర్శలో ఆ గొంతుకు దక్కిన చోటు స్వల్పం. ఈలోగా పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి. వికలాంగులు కొందరి నోట దివ్యాంగులయ్యారు, మరికొన్ని ప్రభుత్వ కాగితాలలో విభిన్న ప్రతిభావంతులయ్యారు. పేరు గౌరవంగా ఉండటం మంచిదే. పేరు మారి మెట్లు మారకపోతే ఆ గౌరవానికి విలువ ఎంత?

చూడలేని వానికి ఎదురైన చిట్లింపు

ఇప్పుడు మన పాఠకులకు బాగా తెలిసిన ఒక సంఘటనను ఈ వెలుగులో మళ్ళీ చూద్దాం. మక్కాలో మహాప్రవక్త (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్నారు. వారు సత్యాన్ని స్వీకరిస్తే ఎందరికో దారి ఏర్పడుతుందన్న ఆశ ఆయనది. ఆ సమయంలో అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి, తనకు ధర్మం బోధించమని అడిగారు. ఆయన (స) నుదురు చిట్లించి ముఖం తిప్పుకున్నారు. దానిపై మందలింపుగా 'అబస' సూరా అవతరించిందని అత్యధిక వ్యాఖ్యాతలు చెబుతారు. చిట్లించినవారు మరొకరని షియా వ్యాఖ్యాతలలో పలువురి అభిప్రాయం. ఆ చర్చ ఎలా ఉన్నా, మన విషయానికి కావలసినది వేరే ఉంది.

ఆ చిట్లింపును చూడవలసినవాడు చూడలేదు. అతడు అంధుడు.

సార్త్ర్ తత్త్వంలో 'చూపు' అనేది కీలకమైన భావన. ఎదుటివాడు నన్ను చూస్తున్నాడని తెలిసిన క్షణంలో నాకు సిగ్గు కలుగుతుంది, నేను ఒక వస్తువుగా మారిపోతాను అంటాడు. అంటే గాయం నా ఎరుకలో జరుగుతుంది. దానిని ఎదుర్కోవలసినది కూడా నేనే. కాని ఇక్కడ గాయపడవలసిన వ్యక్తికి గాయం తెలియనే లేదు. అతనికి సిగ్గు కలగలేదు, బాధ కలగలేదు, అతడు ఫిర్యాదు చేయలేదు. అయినా తప్పు తప్పుగానే నమోదైంది, అదీ శాశ్వతంగా పఠింపబడే గ్రంథంలో. విచారణ అంధుని మనస్సు మీద జరగలేదు, తిరిగిపోయిన ముఖం మీద జరిగింది.

ఈ తేడా చిన్నది కాదు. వైకల్యం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ వికలాంగుని వైపే చూస్తాం. అతనికి ధైర్యం ఉందా, సహనం ఉందా, ఆత్మవిశ్వాసం ఉందా అని తూకం వేస్తాం. సార్త్ర్ దీనిని ఎన్నిక అన్నాడు. మన ఇళ్ళలో దీనినే నసీబ్ అంటాం, 'సబర్ చెయ్ నాయనా' అంటాం. ఒకటి స్వేచ్ఛావాదం, మరొకటి విధివాదం. చూడటానికి ఉత్తర దక్షిణాలు. ఫలితం మాత్రం ఒక్కటే: మెట్లు కట్టినవాడు, తలుపు ఇరుకుగా పెట్టినవాడు, ముఖం తిప్పుకున్నవాడు ప్రశ్నకు అందకుండా తప్పించుకుంటాడు. సహనం గొప్ప గుణమే. దానిని ఒకడు తనకు తాను అలవరచుకోవాలి గాని, తన బాధ్యత తప్పించుకోవటానికి పక్కవానికి ఉపదేశించరాదు.

మరొక విషయం. ఆ అంధుడు భిక్ష అడగటానికి రాలేదు, జ్ఞానం అడగటానికి వచ్చాడు. ఆ తరువాత మదీనాలో ఆయన రెండవ ముఅజ్జిన్ అయ్యారు. రమజాన్ రోజులలో బిలాల్ (రజి) రాత్రి ఉండగానే అజాన్ ఇస్తే, తెల్లవారిన అజాన్ ఈయనది. తెల్లవారింది అని పక్కవారు చెప్పేవరకు ఆయన అజాన్ ఇచ్చేవారు కాదని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఉషస్సును చూడలేని మనిషికి ఉషస్సును ప్రకటించే పదవి! సహాయం కావాలి కాబట్టి పదవి వద్దు అని ఎవరూ అనలేదు. పదవి ఇచ్చి, దానికి కావలసిన సహాయాన్ని ఏర్పరచారు. ప్రవక్త (స) ప్రయాణమై వెళ్ళినప్పుడు పలుమార్లు మదీనాలో ఆయనను తన స్థానంలో ఉంచారు. నమాజుకు ఆయన ఇమామత్ వహించారు. యుద్ధానికి వెళ్ళినవారికీ ఇంట కూర్చున్నవారికీ గల తారతమ్యాన్ని తెలిపే వచనం 'నిసా' సూరాలో అవతరించినప్పుడు, మరి నావంటివాని సంగతేమిటని ఆయన అడిగారు. అశక్తులను మినహాయించే మాట అందులో చేరింది. ఆయన మౌనంగా సహించలేదు, అడిగారు.

మన ఇంటి లెక్క

ఇంత గొప్ప మాదిరి ఉన్న సమాజం తన లెక్క తాను చూసుకోవాలి. అంధుని ఇమామత్ మక్రూహ్ అని హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాలలో ఒక మాట ఉంది. అంధుడు మాలిన్యాన్ని గమనించి తప్పించుకోలేడన్నది అక్కడ చెప్పిన కారణం. హాజరైనవారిలో అతడే అందరికన్నా పండితుడైతే ఆ అభ్యంతరం లేదని కూడా ఫకీహులు వ్రాశారు. దీనిని జాగ్రత్తగా చదవాలి. ఇక్కడ లోపం అంధుని స్వభావంలో ఉందని అనలేదు. పరిసరాలలోని ఒక ఇబ్బందిని కారణంగా చూపారు. ఆ ఇబ్బందిని శుభ్రమైన నేల, అందుబాటులో ఉన్న నీరు, తోడుగా ఒక మనిషి తీర్చగలవు. కారణం తొలగితే దానిపై ఆధారపడిన ఆదేశమూ తొలగుతుందన్నది ఫిఖ్‌హ్ సూత్రమే. 1976లో లండన్‌లో వికలాంగులు చెప్పినదానికి ఈ తర్కం చాలా దగ్గరగా ఉంది. మనం మాత్రం కారణాన్ని వదిలి ఆదేశాన్ని పట్టుకున్నాం.

జకాత్ సంగతి కూడా అంతే. 'తౌబా' సూరాలో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలున్నాయి. పేదవారున్నారు, రుణగ్రస్తులున్నారు, బాటసారులున్నారు. వికలాంగుడు అన్న వర్గం అందులో లేదు. పేదవాడైతే పేదవానిగా అతనికి హక్కు ఉంది, ధనవంతుడైతే ఇవ్వవలసినవాడు అతడే. వైకల్యం, దారిద్ర్యం ఒకటి కావని షరీఅత్ ఎంతో స్పష్టంగా విడదీసింది. కాని జుమా నాడు మసీదు గడప దగ్గర, ఉర్సు నాడు దర్గా దారిలో కుంటివారిని చూడగానే మన చేయి జేబులోకి పోతుంది. ఆ మనిషి లోపలికి వచ్చి మొదటి వరుసలో కూర్చోవాలనుకుంటున్నాడా అని మనకు తోచదు.

పేర్ల విషయం చూడండి. మన వీధులలో 'లంగ్డా' అనో 'కుంటి' అనో తగిలించకుండా కొందరిని పిలవటం మనకు చేతకాదు. ఎగతాళి పేర్లతో పిలవటాన్ని 'హుజురాత్' సూరా నిషేధించింది. హదీసు వేత్తలలో అల్ అఅరజ్ అనగా కుంటివారు అని పేరుపడినవారున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. గుర్తింపు కోసం ఆ పేరు నిలిచింది. కాని అబూ హురైరా (రజి) నుండి ఆయన విన్న హదీసులను ముస్లిం లోకం శిరసావహించింది. 'కష్షాఫ్' వ్యాఖ్యానకర్త జమఖ్షరీకి ఒక కాలు లేదు. ఆయన వ్యాకరణ పాండిత్యాన్ని, సిద్ధాంత విభేదం ఉన్నవారు కూడా, కాదనలేకపోయారు. మనం పేరు నిలుపుకున్నాం, ఆ నమ్మకాన్ని వదిలేశాం.

ఇక్బాల్ చెప్పిన 'ఖుదీ' దీనికి సమాధానమని కొందరంటారు. ఒక మేరకు ఒప్పుకోవచ్చు. కాని ఆయన కవిత్వంలో ఖుదీకి ప్రతీక ఆకాశంలో ఎగిరే డేగ. చంకకర్రలతో నడిచే పాఠకుడు ఆ డేగలో తనను చూసుకోగలడా అని మనం అడగాలి. ఖుదీ కండబలం కాదనీ, పరులు తెల్లవారిందని చెబితే అజాన్ ఇచ్చిన గొంతులోనూ అది ఉందనీ గుర్తించినప్పుడే ఆ భావన పూర్ణమవుతుంది.

అస్తిత్వవాదం మనిషికి తన జీవితంపై బాధ్యత ఉందని గుర్తు చేసింది. ఆ మేలు మనం స్వీకరించాలి. వికలాంగుల రాజకీయం ఆ బాధ్యతలో సగం చుట్టూ ఉన్నవారిదని చూపింది. దానిని కూడా స్వీకరించాలి. 'అబస' సూరా ఆ సగాన్ని మన ముఖం మీదే పెట్టింది. కనుక ఈ వ్యాసం చదివిన మిత్రులు తమ మొహల్లా మసీదుకు వెళ్ళినప్పుడు కొన్ని విషయాలు గమనించాలని మనవి. గడపకు ఎన్ని మెట్లున్నాయి? వజూ కుళాయి చక్రాల కుర్చీలో కూర్చున్నవానికి అందుతుందా? ఖుత్బాను చెవిటివారికి సైగలతోనో, వ్రాసిన కాగితంతోనో అందించేవారున్నారా? ఇంతెజామియా కమిటీలో వికలాంగుడు ఒక్కడైనా సభ్యుడిగా ఉన్నాడా? వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. కొన్ని బస్తాల సిమెంటు, ఒక తాపీమేస్త్రి రెండు రోజుల పని, కమిటీలో ఒక తీర్మానం చాలు.

ఇవి చేయకుండా వికలాంగునికి ధైర్యం చెప్పటం, సహనం బోధించటం, అతని మీద కవిత్వం వ్రాయటం ముఖం తిప్పుకోవటంలో భాగమే. అతడు చూడకపోవచ్చు. చూసేవాడు అల్లాహ్ ఉన్నాడు.